మాటల అంగడి, నిఘా నీడ: వెనిస్ ఫ్లోరియన్ కాఫీశాల మూడు శతాబ్దాల చరిత్ర

వ్యాససంగ్రహం

ఇటలీలోని వెనిస్ నగరంలో 1720లో ప్రారంభమైన ఫ్లోరియన్ కాఫీశాల నేటికీ అదే స్థలంలో నడుస్తోంది. యూరప్ కాఫీశాలలను స్వేచ్ఛాచర్చకు, ప్రజాభిప్రాయ నిర్మాణానికి పుట్టినిళ్లుగా భావించడం చరిత్ర రచనలో పరిపాటి. వెనిస్ అనుభవం ఆ అభిప్రాయానికి పూర్తిగా ఒదగదు. ఇక్కడ మాటతో పాటే నిఘా కూడా పెరిగింది. ఫ్లోరియన్ చరిత్రను గణతంత్ర కాలం, ఆస్ట్రియా పాలన, ఐక్య ఇటలీ, నేటి పర్యాటక యుగం అనే నాలుగు దశలలో పరిశీలించి, ఒక సంస్థ పేరు నిలవడానికీ, దాని సామాజిక ప్రయోజనం నిలవడానికీ మధ్యనున్న భేదాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వెనిస్, ఫ్లోరియన్, కాఫీశాల, ప్రజారంగం, నిఘా, గోల్డోనీ, వారసత్వం

1. ఉపోద్ఘాతం

వెనిస్ తెలుగు చరిత్ర విద్యార్థులకు కొత్త పేరు కాదు. విజయనగర వైభవాన్ని వర్ణించిన నికోలో కాంటి, తళ్ళికోట యుద్ధానంతరం 1567లో ఆ శిథిల రాజధానిని కళ్లారా చూసిన సీజర్ ఫ్రెడరిక్, ఇద్దరూ వెనిస్ గణతంత్రానికి చెందినవారే. తూర్పు దేశాల వార్తలను, సరుకులను పశ్చిమానికి చేర్చడమే ఆ నగరానికి శతాబ్దాల పాటు జీవనాధారం. కాఫీ కూడా ఆ దారినే వెనిస్ చేరింది.

1962లో జర్మన్ తత్త్వవేత్త యూర్గెన్ హాబర్‌మాస్ ప్రజారంగ పరిణామంపై వెలువరించిన గ్రంథం తరువాత కాఫీశాలల చరిత్రకు కొత్త ప్రాధాన్యం వచ్చింది. కులీనుడూ వర్తకుడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, హోదాను పక్కనబెట్టి, తర్కబలంతో వాదించుకున్న చోటుగా లండన్ కాఫీశాలను ఆయన చూశాడు. ఆ సిద్ధాంతానికి లండన్ ఆధారమైతే, దానికి పరిమితులు ఎక్కడున్నాయో వెనిస్ తెలియజేస్తుంది. ఫ్లోరియన్‌ను పరిశీలనకు ఎంచుకోవడానికి కారణం ఇదే.

'అతి పురాతనం' అన్న మాటను ముందుగా స్పష్టం చేసుకోవాలి. పారిస్‌లోని ప్రొకోప్ 1686లో పుట్టింది. కాలగణనలో ఫ్లోరియన్ కంటే పెద్దది. అయితే అది 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో మూతపడి, 20వ శతాబ్దంలో భోజనశాలగా తిరిగి తెరుచుకుంది. ఫ్లోరియన్ విశిష్టత వయస్సులో కాక, అదే చోట, అదే వృత్తిలో కొనసాగడంలో ఉంది.

2. వెనిస్‌కు కాఫీ రాక

ఇస్తాంబుల్‌లో వెనిస్ ప్రతినిధిగా పనిచేసిన జాన్‌ఫ్రాంచెస్కో మొరోసినీ 1585లో తన సెనేట్‌కు ఇచ్చిన నివేదికలో తురుష్కులు బహిరంగ ప్రదేశాలలో కూర్చుని వేడివేడి నల్లని నీటిని తాగుతున్నారనీ, అది మనిషిని మేల్కొల్పి ఉంచుతుందని వారు నమ్ముతారనీ పేర్కొన్నాడు. అదే కాలంలో కైరోలో వెనిస్ దౌత్యాధికారి వద్ద వైద్యుడిగా ఉన్న ప్రొస్పెరో అల్పీనీ ఈజిప్టు మొక్కలపై రాసిన గ్రంథాన్ని 1592లో వెనిస్‌లో ప్రచురించి, అందులో కాఫీని వర్ణించాడు. మొదటివాడు దౌత్యవేత్త, రెండవవాడు వైద్యుడు. కాఫీ ఒకరికి ఒక సమాజపు అలవాటుగా, మరొకరికి ఔషధద్రవ్యంగా కనిపించింది. వెనిస్‌లో అది మొదట మందుగానే ప్రవేశించి, క్రమంగా పానీయమైంది.

17వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో సాన్ మార్కో ప్రాంగణం చుట్టూ కాఫీ అమ్మే కొట్లు వెలిశాయి. 18వ శతాబ్దం మధ్యనాటికి నగరంలో వాటి సంఖ్య రెండు వందలు దాటింది. అయితే ఈ కాఫీశాలలు ఏమీ లేని శూన్యంలో పుట్టలేదు. అంతకు పూర్వమే వెనిస్‌లో మందుల కొట్లు, క్షౌరశాలలు రాజకీయ వార్తల మార్పిడికి కేంద్రాలుగా ఉండేవని ఫిలిప్పో దె వివో వంటి చరిత్రకారులు నిరూపించారు. మాట్లాడుకునే అలవాటు ముందునుంచీ ఉంది. కాఫీ దానికి కొత్త చోటు మాత్రమే చూపింది.

3. 'విజయశీల వెనిస్'

1720 డిసెంబరు 29న ఫ్లోరియానో ఫ్రాంచెస్కోనీ అనే వర్తకుడు సాన్ మార్కో ప్రాంగణంలో ప్రొకురాతియే నువోవె భవనపు స్తంభాల వరండా కింద రెండు సాదా గదులలో కాఫీశాల తెరిచాడు. దానికి పెట్టిన పేరు 'అల్లా వెనేత్సియా త్రియోన్‌ఫాంతె', అంటే 'విజయశీల వెనిస్'. ఆ పేరుకు వాస్తవానికి పొంతన లేదు. అంతకు రెండేళ్ల ముందే, 1718 నాటి పస్సరోవిట్జ్ సంధితో, వెనిస్ గ్రీసులోని మొరియా ద్వీపకల్పాన్ని ఒట్టోమన్లకు శాశ్వతంగా కోల్పోయింది. సాగర సామ్రాజ్యం చేజారుతున్న వేళ ఒక కాఫీకొట్టు బోర్డుపై విజయం నిలిచింది.

నగరవాసులు మాత్రం ఆ పేరును పట్టించుకోలేదు. 'ఫ్లోరియన్ దగ్గరికి పోదాం' అన్న వాడుకే స్థిరపడింది. యజమాని పేరే సంస్థకు పేరైంది. నగరంలోని వార్తలన్నీ ఫ్లోరియానోకు తెలుసనీ, ప్రయాణికులు ఉత్తరాలను, కబుర్లను అతని వద్ద వదిలి వెళ్లేవారనీ తరువాతి రచనలు చెబుతాయి.

ఇలాంటి కథనాలను స్వీకరించేటప్పుడు జాగ్రత్త అవసరం. ఉదాహరణకు, కీళ్లవాతంతో బాధపడే ఫ్లోరియానోకు సరైన పాదరక్షలు కుట్టించడానికి ప్రఖ్యాత శిల్పి అంతోనియో కనోవా అతని కాలి నమూనాను మలిచి ఇచ్చాడన్న కథ ప్రచారంలో ఉంది. కనోవా పుట్టింది 1757లో. 1720 నాటికే స్వంత వ్యాపారం ప్రారంభించిన ఫ్లోరియానో, కనోవాకు శిల్పిగా పేరొచ్చేనాటికి జీవించి ఉన్నా మిక్కిలి వృద్ధుడై ఉండాలి. ఆ కథలో నిజముంటే అది అతని అన్నకొడుకో తమ్ముడికొడుకో అయిన వారసుడు వాలెంటినో ఫ్రాంచెస్కోనీకి చెందడమే సంభావ్యం. పాత సంస్థల చుట్టూ అల్లుకునే కథలు అన్నీ మొదటి యజమాని పేరుకే చేరుతుంటాయి.

4. పత్రికలో, రంగస్థలంపై కాఫీశాల

1760 ఫిబ్రవరిలో గాస్పరో గోజ్జీ 'గజ్జెత్తా వెనెతా' అనే పత్రికను ప్రారంభించాడు. వారానికి రెండుసార్లు వెలువడే ఆ పత్రికలో నాటక సమీక్షలు, నగర విశేషాలు, సరుకుల ధరలు, పోయిన వస్తువుల ప్రకటనలు ఉండేవి. పత్రిక దొరికే చోట్లలో ఫ్లోరియన్ ఒకటి. పోగొట్టుకున్న వస్తువు గురించి ప్రకటన ఇచ్చే మనిషీ, దాన్ని చదివే మనిషీ కలుసుకునే చోటు కాఫీశాల కావడం గమనార్హం. పత్రిక, కాఫీశాల పరస్పరం పోషించుకున్నాయి. 1764లో మిలాన్‌లో పియెత్రో వెర్రీ బృందం తమ సంస్కరణవాద పత్రికకు ఏకంగా 'ఇల్ కఫె' అని పేరుపెట్టి, ఒక గ్రీకు దేశస్థుడు నడిపే కాఫీశాలలో జరిగిన సంభాషణలుగా వ్యాసాలను కల్పించింది. మిలాన్ పత్రిక రాజ్య సంస్కరణ గురించి వాదించింది. వెనిస్ పత్రిక పోయిన వస్తువుల గురించి, నాటకాల గురించి రాసింది. ఈ తేడా రచయితల ప్రతిభలోది కాదు, వారు బతికిన వ్యవస్థలది.

కార్లో గోల్డోనీ 1750లో రాసిన 'లా బొత్తేగా దెల్ కఫె' ఈ వ్యవస్థను అర్థం చేసుకోవడానికి చారిత్రక ఆధారంతో సమానమైనది. వెనిస్‌లోని ఒక చిన్న కూడలి, అందులో ఒక కాఫీశాల, ఒక క్షౌరశాల, ఒక జూదగృహం నాటకానికి రంగం. కాఫీశాల యజమాని రిదోల్ఫో సజ్జనుడు. అక్కడే కూర్చుని అందరి గుట్టూ అందరికీ చెప్పే దోన్ మార్త్సియో నేపుల్స్ పెద్దమనిషి. చివరకు అతడు రక్షకభట అధికారి అని తెలియక ఒకనితో మాట్లాడుతూ, జూదగృహ యజమాని మోసాన్ని బయటపెడతాడు. యజమాని నిర్బంధంలో పడతాడు. అప్పటివరకు దోన్ మార్త్సియో అబద్ధాలనూ నిందలనూ భరించిన వారంతా, అతడు ఒక నిజం చెప్పేసరికి 'గూఢచారి' అని ఛీకొడతారు. అతడు నగరాన్ని విడిచి పోవలసి వస్తుంది.

నవ్వించే ఈ ముగింపులో గంభీరమైన సాక్ష్యం ఉంది. పుకారు వెనిస్‌లో క్షమార్హం. అధికారి చెవిన పడిన మాట క్షమార్హం కాదు. ప్రేక్షకులు దాన్ని వివరణ లేకుండానే అర్థం చేసుకున్నారంటే, పక్క బల్ల దగ్గరి మనిషి ఎవరో తెలియని భయం వారందరికీ అనుభవమే.

5. గోడలకు చెవులు

ఆ భయం నిరాధారం కాదు. వెనిస్‌లో రాజ్యభద్రతను చూసే దశసభకు తోడుగా 1539లో ముగ్గురు సభ్యులతో రాజ్య విచారణాధికారుల వ్యవస్థ ఏర్పడింది. వారికి వార్తలు చేరవేసే వేగులను 'కాన్ఫిదెంతి' అనేవారు. కాఫీశాలలలో ఎవరు ఎవరితో కూర్చున్నారు, ఏం మాట్లాడారు అన్న వివరాలు ఆ వేగుల నివేదికలలో నమోదయ్యేవి. ఆ కాగితాలు నేటికీ వెనిస్ రాజ్య పురాలేఖన భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. విదేశీ రాయబారులతో గణతంత్రపు కులీనులు సాంగత్యం చేయడం నిషిద్ధం. అన్ని వర్గాలవారూ, విదేశీయులూ, పైగా ఉత్సవకాలంలో ముసుగులు ధరించి, ఒకేచోట కూడే కాఫీశాల సహజంగానే అధికారులకు అనుమానాస్పద స్థలమైంది.

జాకొమో కాసనోవా జీవితం ఈ వ్యవస్థ రెండు ముఖాలనూ చూసింది. 1755లో విచారణాధికారుల ఆజ్ఞతో సీసపు రేకుల కప్పు కింది చెరలో పడి, మరుసటి ఏడు తప్పించుకున్న ఆ మనిషే, 1774లో స్వదేశానికి తిరిగి వచ్చాక అదే అధికారులకు వేగుగా పనిచేశాడు. మాటకారికి దొరికిన జీవనోపాధి ఇతరుల మాటలను అప్పగించడం.

కాఫీశాలలను చూసి పాలకులు భయపడటం వెనిస్‌కే పరిమితం కాదు. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ కాఫీని నిషేధించాడు. 1675 డిసెంబరు 29న ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ కాఫీశాలలను మూసివేయాలని ప్రకటించి, ప్రజల నిరసన వల్ల పదిరోజులలోనే, 1676 జనవరి 8న, వెనక్కు తగ్గాడు. వెనిస్ పాలకులు అలాంటి పొరపాటు చేయలేదు. వారు కాఫీశాలలకు అనుమతులిచ్చారు, సంఖ్యను నియంత్రించారు, వాటిని తెరిచే ఉంచారు, లోపల జరిగేది విన్నారు. మూసివేసిన కాఫీశాల వల్ల ప్రభుత్వానికి తెలిసేదేమీ ఉండదు. తెరిచిన కాఫీశాల వల్ల అన్నీ తెలుస్తాయి. హాబర్‌మాస్ చెప్పిన ప్రజారంగం రాజ్యానికి ఎదురుగా నిలిచింది. వెనిస్‌లో రాజ్యం ఆ రంగంలోనే ఒక కుర్చీ వేసుకుని కూర్చుంది.

6. స్త్రీల ప్రవేశం

ఫ్లోరియన్ గురించి తరచుగా చెప్పే విశేషం, ఆనాడు స్త్రీలను అనుమతించిన కాఫీశాల అదేనన్నది. కాసనోవా అక్కడికి రావడానికి కారణం అదేనని కూడా చమత్కరిస్తారు. ఈ విషయాన్ని కూడా పరీక్షించాలి. 18వ శతాబ్దపు ద్వితీయార్ధంలో వెనిస్ అధికారులు కాఫీశాలలలో స్త్రీల ప్రవేశాన్ని నిషేధిస్తూ ఆజ్ఞలు జారీచేశారు. జరగని పనిని ఎవరూ నిషేధించరు. నిషేధమే, స్త్రీలు కాఫీశాలలకు వెళ్తున్నారనడానికి తిరుగులేని ఆధారం. గోల్డోనీ నాటకంలో కూడా భర్తలను వెదుక్కుంటూ స్త్రీలు ఆ కూడలికే వస్తారు. కాబట్టి ఈ విషయాన్ని ఒక యజమాని ఉదారతగా కాక, నగర స్త్రీలు తమంతట తాము సాధించుకున్న, అధికారులు అంగీకరించని ఒక అలవాటుగా చూడటం సమంజసం. చరిత్రలో ఆ స్త్రీల పేర్లు మిగలలేదు. వారిని ఆపాలని రాసిన ఆజ్ఞల ద్వారానే వారు మనకు తెలుస్తున్నారు.

7. పరాయి పాలనలో కాఫీశాల

1797 మే 12న నెపోలియన్ సేనల ఒత్తిడికి లొంగి వెనిస్ మహాసభ తనను తానే రద్దుచేసుకుంది. వెయ్యేళ్ల గణతంత్రం ముగిసింది. ఆ అక్టోబరులో కాంపొ ఫోర్మియో సంధితో నగరం ఆస్ట్రియాకు దక్కింది. మధ్యలో కొన్నేళ్లు ఫ్రెంచివారి ఏలుబడి పోగా, 1814 నుంచి 1866 వరకు ఆస్ట్రియా పాలన సాగింది. 'విజయశీల వెనిస్' అన్న పేరుకు ఇక అర్థం లేకపోయింది. మిగిలింది ఫ్లోరియన్ అన్న పేరే.

1848 మార్చి 17న ప్రజల ఒత్తిడితో దానియేలె మానిన్, నికోలో తొమ్మసేయో చెరనుండి విడుదలయ్యారు. మార్చి 22న మానిన్ గణతంత్రాన్ని తిరిగి ప్రకటించాడు. ముట్టడి, ఆకలి, కలరాల మధ్య ఆ గణతంత్రం 1849 ఆగస్టు వరకు నిలిచింది. ఈ ఘట్టాలకు సాన్ మార్కో ప్రాంగణమే వేదిక. ఆస్ట్రియా తిరిగి వచ్చిన తరువాత ప్రజలకు మిగిలిన నిరసన రూపం ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ కూర్చోకూడదో ఎంచుకోవడం. ప్రాంగణానికి అటువైపున్న క్వాద్రీ కాఫీశాల ఆస్ట్రియా అధికారులది. ఫ్లోరియన్ ఇటలీ పక్షపాతులది. ఆస్ట్రియా సైనిక వాద్యబృందం వాయించడం మొదలుపెట్టగానే నగరవాసులు ప్రాంగణం విడిచిపోయేవారు. 1861 నుంచి 1865 వరకు వెనిస్‌లో అమెరికా దౌత్యాధికారిగా ఉన్న నవలాకారుడు విలియం డీన్ హోవెల్స్ తన 'వెనీషియన్ లైఫ్' గ్రంథంలో కాఫీశాలలను బట్టి జనం వర్గాలుగా విడిపోయిన తీరును వివరించాడు.

గణతంత్ర కాలంలో కాఫీశాలలో మాట ప్రమాదకరం. ఆస్ట్రియా కాలంలో మాట అక్కరలేకుండానే, అక్కడ కూర్చోవడమే ఒక ప్రకటన అయింది. నిఘాకు అందని భాషను నగరం ఈ విధంగా కనిపెట్టుకుంది.

8. 1858: గోడలపై చరిత్ర

1858లో లొదోవీకో కదోరిన్ ఆధ్వర్యంలో ఫ్లోరియన్ పునర్నిర్మాణం జరిగింది. నేడు సందర్శకులు చూసే అద్దాలు, బంగారు పూత, ఎర్ర మఖమలు ఆసనాలు ఆ నాటివే తప్ప 1720 నాటివి కావు. ఈ తేదీని గుర్తుంచుకుంటే గదుల అలంకరణకు వేరే అర్థం కనిపిస్తుంది. 'సుప్రసిద్ధుల గది'లో జూలియో కార్లీనీ పదిమంది వెనిస్ ప్రముఖుల చిత్రాలు వేశాడు. మార్కోపోలో, తిత్సియానో, పల్లాదియో, గోల్డోనీలతో పాటు ఆ పదిమందిలో కాన్‌స్టాంటినోపుల్ పతనంలో ముఖ్యపాత్ర వహించిన నగరాధిపతి ఎన్రికో దందోలో, నౌకాసేనాని వెత్తోర్ పిజానీ, పోపు అధికారాన్ని ఎదిరించిన పావొలో సార్పీ ఉన్నారు. ఆస్ట్రియా సైన్యం ప్రాంగణంలో కవాతు చేస్తుండగా, లోపలి గోడలపై కోల్పోయిన గణతంత్రపు పాలకులు, సేనానులు, పండితులు వెలిశారు. అలంకరణ పేరిట జరిగిన ఈ పని వెనిస్ స్వాతంత్ర్య స్మృతికి ఒక ప్రకటన అనడం అతిశయోక్తి కాదు.

అదే భవనంలో 'తూర్పు గది', 'చైనా గది' ఉన్నాయి. కాఫీ తూర్పునుంచి వచ్చిన మాట నిజమే. అయితే ఆ గదుల గోడలపై ఉన్నది కాఫీ పండించిన తూర్పు కాదు, యూరప్ ఊహించుకున్న తూర్పు. తొలినాళ్లలో వెనిస్‌కు కాఫీ యెమెన్ నుంచి అలెగ్జాండ్రియా రేవు మీదుగా వచ్చేది. 18వ శతాబ్దంలో డచ్చివారు జావాలో, ఫ్రెంచివారు మార్టినిక్, సెయింట్ డొమింగ్ దీవులలో తోటలు వేశారు. 1780ల చివరకు ప్రపంచపు కాఫీలో సగభాగం సెయింట్ డొమింగ్ ఒక్కటే, బానిసల శ్రమతో, పండించేదని అంచనా. ఆ పంట ఎంత చౌక అంటే మార్సెయ్ మీదుగా తూర్పు మధ్యధరా మార్కెట్లకే ఎదురు ప్రయాణం చేసింది. 1791లో ఆ దీవి బానిసలు తిరుగుబాటు చేసి, 1804 నాటికి హైతీ స్వతంత్ర రాజ్యాన్ని స్థాపించారు. కాఫీ తాగుతూ స్వేచ్ఛ గురించి మాట్లాడిన యూరప్ చరిత్రలో, కాఫీ కోసిన చేతుల స్వేచ్ఛకు ఒక గది గోడ కూడా దక్కలేదు.

9. ఐక్య ఇటలీ నుంచి నేటివరకు

1866లో వెనిస్ ఇటలీలో విలీనమైంది. కత్తిమీద సాములాంటి రాజకీయం సద్దుమణిగి, కాఫీశాలకు కళాసాహిత్యాల ఆకర్షణ పెరిగింది. మేయర్ రికార్దో సెల్వాతికో నాయకత్వంలో నగరసభ 1893 ఏప్రిల్‌లో ఒక కళాప్రదర్శన నిర్వహించాలని తీర్మానించింది. 1895 ఏప్రిల్ 30న ప్రారంభమైన ఆ ప్రదర్శనే నేటి వెనిస్ బియెన్నాలె. దాని ఆలోచన ఫ్లోరియన్‌లోని 'సెనేట్ గది' సంభాషణలలో రూపుదిద్దుకుందని ఆ సంస్థ సంప్రదాయంగా చెప్పుకుంటుంది. సంభాషణకు దస్తావేజు ఉండదు, తీర్మానానికి ఉంటుంది. కాబట్టి మొదటిదాన్ని సంప్రదాయంగా, రెండవదాన్ని చరిత్రగా స్వీకరించాలి.

2019 నవంబరు 12న సముద్రపు పోటు 187 సెంటీమీటర్లకు చేరి నగరాన్ని ముంచింది. 1966 నాటి 194 సెంటీమీటర్ల తరువాత అదే అత్యధికం. నగరంలో అతి పల్లపు చోట్లలో ఒకటైన సాన్ మార్కో ప్రాంగణంలోకి, ఫ్లోరియన్ గదులలోకి ఉప్పునీరు చేరింది. తరువాత కొన్ని నెలలకే కరోనా మహమ్మారి వచ్చింది. 2020 డిసెంబరు 29న మూడు వందల ఏళ్లు నిండిన కాఫీశాల, వేడుక లేకుండా, మూసిన తలుపుల వెనుక ఆ రోజును గడిపింది. సామ్రాజ్యాలు మారినా నిలిచిన సంస్థకు పర్యాటకులు రాకపోవడం ఎంతటి గండమో ఆనాడు తెలిసింది.

ఆ గండం ఒక లోతైన మార్పును బయటపెట్టింది. 1951లో వెనిస్ చారిత్రక నగరంలో సుమారు 1,75,000 మంది నివసించేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 50,000 కంటే తగ్గింది. 18వ శతాబ్దంలో ఫ్లోరియన్‌కు వచ్చినవాడు రేపు కూడా వచ్చేవాడు. ఎదుటివాడిని ఎరిగినవాడు. అందుకే అతని మాటకు విలువ, అతని మీద నిఘాకు అర్థం ఉండేవి. నేటి సందర్శకుడు ఒక్కసారి వస్తాడు, ఛాయాచిత్రం తీసుకుంటాడు, వెళ్లిపోతాడు. అతని మాటను వినవలసిన అవసరం ఏ ప్రభుత్వానికీ లేదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. మొదటిది, కాఫీశాల స్వభావతః స్వేచ్ఛాస్థలం కాదు. అది ఏ రాజ్యవ్యవస్థలో ఉందో ఆ వ్యవస్థ లక్షణాలను తనలో కలుపుకుంటుంది. లండన్‌లో పాలకుడు దాన్ని మూయబోయి ఓడిపోయాడు. వెనిస్‌లో పాలకులు దాన్ని తెరిచి ఉంచి గెలిచారు. రెండవది, నిఘా మాటను అణచివేయగలిగినా మనుషులు కూడడాన్ని అణచలేకపోయింది. గోల్డోనీ నాటకంలోని నవ్వు, నిషేధాలను దాటి వచ్చిన స్త్రీలు, వాద్యబృందం మొదలవగానే లేచి వెళ్లిన జనం ఇందుకు నిదర్శనాలు. మూడవది, సంస్థ కొనసాగింపు, సమాజపు కొనసాగింపు ఒకటి కావు.

ఫ్లోరియన్‌లో బల్లలు, అద్దాలు, గోడచిత్రాలు, పేరు, వృత్తి మిగిలాయి. వాటిని నీటినుండి కాపాడే అడ్డుకట్టలను 2020 అక్టోబరు నుంచి వెనిస్ వాడుతోంది. రోజూ వచ్చి కూర్చుని, ఊరి సంగతి మాట్లాడుకునే ఊరివాళ్లను నిలిపి ఉంచే అడ్డుకట్టను మాత్రం ఎవరూ కట్టలేదు. వారసత్వ కట్టడాల వయస్సును లెక్కించే పరిశోధకులు, ఆ కట్టడాలలో ఇంకా ఎవరు కూర్చుంటున్నారన్న ప్రశ్నను కూడా అడగవలసి ఉంది.